సబర్బ్ కోఆర్డినేటర్ జైపాల్

"ఇయ్యాల్టి నుంచి మనది పల్లె కాదు! కోరుట్లకు గ్లోబల్ సబర్బ్!" అని వార్డు నాయకుడు అనంత్ రావు మైకులో ప్రకటించగానే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు జైపాల్. కొట్టక తప్పదు. సబర్బ్ కోఆర్డినేటర్ అతనే. ఆ పదవికి జీతం లేదు, కుర్చీ లేదు. మెడలో ట్యాగు, చేతిలో సబర్బ్ గొప్పలు అచ్చేసిన పాంప్లెట్ మాత్రం ఉన్నాయి. సబర్బ్ అంటే ఏమిటో అతనికి తెలియదు. అడిగితే పదవి పోతుందని అడగలేదు.

మొదటి వారం ఊరి బోర్డు మారింది. రెండో వారం ఇంటిపన్ను మారింది. మూడో వారం అతని తల్లి దేవవ్వ గంప పట్టుకుని ఉపాధి పనికి పోయి, అరగంటలో తిరిగొచ్చింది.

"పని లేదంట కొడుకా. పల్లెటూరోళ్లకే ఇస్తరంట. మనం సిటీ అయినమంట గదా?"

"అవునవ్వా, ఎదిగినం."

"ఎదిగితె మరి ఏం తినాలె?"

ఆ ప్రశ్నకు జవాబు పాంప్లెట్‌లో లేదు. జైపాల్ అనంత్ రావు దగ్గరికి పరుగెత్తాడు.

"ఫికర్ చెయ్యకురా. గల్ఫ్ నుంచి డెలిగేషన్ అస్తున్నది. మన సిటీని చూస్తరు" అన్నాడాయన.

మూడు రోజులు జైపాల్ మురికికాల్వలో దిగి పూడిక తీశాడు. గట్టున 'వాటర్ ఫ్రంట్' అని బోర్డు పెట్టాడు. అక్షరాలు తనే రాశాడు. అయినా కొంతవరకు నమ్మాడు.

డెలిగేషన్ అంటే ఒక్కడే వచ్చాడు, వెంట జగిత్యాల ఏజెంటు రాజేశం. అతిథి బోర్డు వైపు చూడలేదు. కాల్వ చూశాడు, తర్వాత జైపాల్ చేతులు చూశాడు. రాజేశం చెవిలో ఏదో చెప్పాడు.

"నువ్వు సెలెక్ట్ తమ్మీ!" అన్నాడు రాజేశం. "వాళ్ల సిటీల డ్రైనేజీ పని. కని సిటోళ్లను తీసుకోరు, ఎండకు ఆగరంట. పల్లెటూరోడివని కాయితం కావాలె."

జైపాల్ బిక్కమొహం వేశాడు. అనంత్ రావు మాత్రం అక్కడికక్కడే లెటర్‌హెడ్ తీసి, 'జైపాల్ పక్కా పల్లెటూరివాడు' అని రాసి, ముద్ర కొట్టాడు.

దేవవ్వ ముందుకొచ్చింది. "దొరా, నాకు గూడ గసొంటి కాయితం ఒకటి రాసియ్యి. రేపు పనికి పోత."

"నీకెట్ల ఇస్త దేవవ్వా?" అనంత్ రావు నొచ్చుకున్నాడు. "నువ్వు ఉండేది సిటీల గదా!"

జైపాల్‌కు ఆ మాట సబబుగానే తోచింది. తల్లికి అర్థమయ్యేలా ఎట్లా చెప్పాలో తెలియక, పాంప్లెట్ మళ్లీ మొదటి నుంచి చదవసాగాడు.