ఖాళీ లేని సెలూన్

"కొత్త వ్యాపారం ఏదీ ఊరికే మూతపడదు. దానికి కారణాలుంటాయి. అవి కనిపెట్టేదాకా మా శాఖ నిద్రపోదు!" అని కొత్త వ్యాపారాల సంరక్షణాధికారి ప్రకటించి, సెలూన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

ఆ సెలూన్ ఆర్టిస్టుది. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. ఎదురుగా ఉన్న బావ సెలూన్‌లో ఏళ్ల తరబడి కత్తెర ఆడించి, ఒకనాడు మాటా మాటా పెరిగి, ఆయన కళ్లెదుటే షాపు పెడతానని శపథం చేసి వచ్చేశాడు. ఇది మూతపడితే మళ్లీ అక్కడికే పోయి, బావ వెటకారాలు వింటూ వెంట్రుకలు ఊడ్వాలి. తలుచుకుంటేనే ప్రాణం చచ్చిపోయేది.

అందుకే ప్రభుత్వమే గడప తొక్కేసరికి పొంగిపోయాడు. ఉన్నది ఒక్కటే తిరిగే కుర్చీ. నలుదిక్కులా పరిశీలించాలి గనక అధికారి అందులో కూర్చున్నాడు. గుమాస్తాలిద్దరూ ఫైళ్లు పరుచుకుని బెంచీ నింపేశారు. గిరాకీలు అద్దం తలుపులోంచి తొంగిచూసి, లోపల ఇసకేస్తే రాలనంత జనం ఉన్నారనుకుని బావ దగ్గరికి పోసాగారు. వారమంతా ఇదే వరస. అధికారి మధ్యమధ్య మేలుకుని, "కారణం తెలిసిందయ్యా. నీకు గిరాకీ లేదు" అని చెప్పి మళ్లీ కునుకు తీసేవాడు.

శనివారం బావ పనిగట్టుకుని వచ్చాడు.

"నీ చీపురు అలాగే ఉంచానురా."

ఆర్టిస్టుకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే బుర్ర వెలిగింది.

"సార్, చచ్చే షాపును చూస్తే బతికే కిటుకు ఏం తెలుస్తుంది? మా బావది ఇరవయ్యేళ్ల షాపు. అక్కడ చూడండి."

బావ మీసం దువ్వుకున్నాడు. అంత గౌరవం కాదంటే ఎలా? ఫైళ్లు తనే మోసుకెళ్లాడు.

సోమవారం నుంచి అధికారి కునుకు బావ కుర్చీలోకి మారింది; గిరాకీలు అక్కడ తొంగిచూసి ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. ఆర్టిస్టుకు అన్నం తినే తీరిక లేకపోయింది. ఆ దొరలను వెనక్కి పిలుచుకోమని ఆర్టిస్టు అక్క చేత బావ కబురు పెట్టించాడు. అంత పెద్దవాళ్లకు తన కొత్త షాపులో చోటెక్కడిదని ఆర్టిస్టు మహా వినయంగా జవాబు పంపాడు.

నెల తిరిగింది. శాఖ మార్గదర్శకత్వం వల్లే కొత్త షాపు నిలదొక్కుకుందని, యజమాని బద్ధకం వల్ల పాతది దెబ్బతిందని అధికారి పైకి నివేదించాడు. ఆయనకు సన్మానం ఖాయమైంది. సన్మానానికి ముందురోజు, బాగా పెరిగిన జుట్టు తడుముకుంటూ రోడ్డు దాటి ఆర్టిస్టు దగ్గరికే వచ్చాడు.

"మా బావ దగ్గరే చేయించుకోకపోయారా సార్?"

"ఎక్కడయ్యా! ఎప్పుడు చూసినా అక్కడ కుర్చీ ఖాళీ ఉండదు" అన్నాడు అధికారి.