గ్రాఫ్టింగ్ మొక్క

మా అత్తగారు జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మంచం పట్టింది ఆమె, దిక్కులేనివాణ్ణయింది నేను. తల్లిని చూసుకోవడానికి నా భార్య అలివేలమ్మ రాయకోట వెళ్ళింది. కృష్ణగిరి పక్కన మా మామిడి నర్సరీలో నేనూ మొక్కలూ మిగిలాం. మొక్కలతో మాట్లాడి చూశాను. ఒక్కటీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పనివాళ్ళతో ఎంతసేపని మాట్లాడతాం?

అంతలో కృష్ణగిరిలో మామిడి ప్రదర్శన వచ్చింది. మొక్కల పక్కన సైంటిస్టులు రాసే ఇంగ్లీషులో బోర్డు పెట్టాలన్నారు. మా ఇంట్లో అంటు కట్టేది నేను, ఇంగ్లీషు అలివేలుది. ఫోన్ చేశాను.

"అలివేలూ, అంటుమొక్కను గ్రాఫ్టింగ్ మొక్క అనాలా, గ్రాఫ్టెడ్ అనాలా?"

"గ్రాఫ్టెడ్. అంటు కట్టేది యెవురు?"

"నేనే."

"మరి? గ్రాఫ్టింగ్ అని రాస్తే మొక్క చేతికి కత్తి ఇచ్చినట్టు. తిన్నావా?"

"తిన్నాను."

పెట్టేసింది.

అప్పుడు తట్టింది ఉపాయం. ఇంగ్లీషులో తప్పుంటే అలివేలుకు నిద్ర పట్టదు. పెళ్ళిపత్రికలు కూడా దిద్దిగానీ పెళ్ళికి బయలుదేరదు. కావాలనే ప్రదర్శనలో పెట్టే బోర్డు మీద ‘గ్రాఫ్టింగ్’ అని పెద్దక్షరాలతో రాయించి, మళ్ళీ ఫోన్ చేశాను.

"బోర్డులో తప్పు పడిపోయిందే! రేపు ఆఫీసర్లు వస్తారంట!"

"వస్తాలే."

మరునాడు ఇల్లు ఊడ్చాను. సంగటి కెలికాను. బస్సు చప్పుడు వినిపించినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి చొక్కా సర్దుకున్నాను. సంగటి రాయి అయింది. సాయంత్రం వచ్చింది పక్కతోట గుర్రప్ప.

"ఏమప్పా జయరామప్పా, ప్రదర్శనకు రాలేదే? అలివేలమ్మ వచ్చి మీ బోర్డు దిద్దింది. చుట్టుపక్కల బోర్డులన్నీ దిద్దింది. మధ్యాహ్నం బస్సుకే పోయింది."

ఫోన్ తీశాను. "ఇంటికి రాకుండానే పోయినావే?"

"ఇంటికి వచ్చింటే మళ్ళా పోబుద్ధి అయ్యేది కాదు. ఈడ అమ్మను లేపి కూర్చోబెట్టేదెవురు?" మళ్ళీ తనే అంది. "నేను చెప్పినాక కూడా తప్పు రాసేటోడివి కాదు నువ్వు. చూడాలనుంటే బస్సెక్కు. దానికి ఇంగ్లీషెందుకప్పా?"

అంత సులువైన ఉపాయం నాకెందుకు తోచలేదో! ఉన్న చొక్కాతోనే రాయకోట బస్సెక్కాను. తలుపు అలివేలే తీసింది.

"యెవురే అది?" లోపల మంచం మీది నుంచి మా అత్తగారు అడిగింది.

"మీ అల్లుడు."

"ఏం పనంట?"

అలివేలు నా మొహం చూసింది. నేను చెప్పులు చూసుకున్నాను.

"ఏం పనీ లేదంటమ్మా," అని పక్కకు జరిగి దారిచ్చింది.