పెగ్ హాన్రట్టీ ఆఖరి కోరిక

ఆ ఆదివారం ఉదయం ఫెర్గల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మరదలి బిడ్డ జ్ఞానస్నానం విందు ఎగ్గొట్టి, మ్యాచ్ ఆడేసి, టీ వేళకు ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరుకోవడం.

రొట్టెల వ్యాను నడిపే ఫెర్గల్ ఆరేళ్ళుగా కిల్‌డ్రమ్ ఊరి జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఆడుతున్నాడంటే, ముందు వరసలో వంగి నిలబడి తనంత మనిషినే ఒకణ్ణి తోస్తూ ఉంటాడు. వెనకాల ఇంకెవరో బంతి చంకన పెట్టుకుని పరుగెత్తి పేరు కొట్టేస్తారు. ముందు వరస మనిషి చేతికి బంతి రాదు. మీదపడే పదకొండు మందినీ చీల్చుకుంటూ, బంతితో ఒక్కసారి, ఒకే ఒక్కసారి పరుగెత్తాలని ఫెర్గల్ ప్రాణం కొట్టుకులాడేది. వ్యానులో ఎవరూ చూడకుండా రొట్టెను చంకన ఇరికించుకుని చూసుకునేవాడు. జట్టు ఈ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఇవాళ్టిది ఆఖరిది. ఇక పోయేదేముందని కోచ్ టాయిగ్ హాన్రట్టీ నిన్న మాటిచ్చాడు. "చివర్లో ఒక్కసారి నీకిప్పిస్తాన్రా. మళ్ళీ జన్మలో అడక్కు."

భార్యకు నిజం చెప్పొచ్చు. కానీ నలభై దాటిన మనిషి బంతి కోసం బెంగ పెట్టుకున్నాడంటే నవ్వదూ?

"నేను విందుకు రాలేను ఊనా," అన్నాడు బూట్లు తుడుస్తూ. "చావుకెళ్ళాలి."

పెళ్ళికి రానంటే ఎందుకని అడుగుతారు గానీ, చావుకెళ్ళాలంటే ఆ ఊళ్ళో ఎవరూ అడ్డు చెప్పరు.

"ఎవరు పోయారు?"

అది అతను ఆలోచించుకోలేదు. "కోచ్ వాళ్ళమ్మ," అన్నాడు, నోటికొచ్చింది.

"పెగ్ హాన్రట్టీయా? ప్రతి మ్యాచ్‌కీ ఫ్లాస్కు పట్టుకొచ్చి కుర్చీ వేసుక్కూర్చుంటుందే, ఆ ముసలమ్మేనా? అయ్యో పాపం."

ఫెర్గల్ తల వంచుకుని వ్యానెక్కాడు.

ఊనా చెల్లెలికి చెప్పింది. చెల్లెలు ఫాదర్ మోలోయ్‌కి చెప్పింది. ఆయన పూజలో పెగ్ హాన్రట్టీ ఆత్మశాంతికి ప్రార్థన చేయించాడు. తెలిసినవాళ్ళు సరే, తెలియనివాళ్ళు కూడా నల్లకోట్లు దులుపుకున్నారు. "వండినవి ఎలాగూ ఉన్నాయి, చావింటికి వట్టి చేతులతో ఏం వెళ్తాం," అంది మరదలు. పంది మాంసం, శాండ్‌విచ్‌లు, చంటిబిడ్డ, తెల్లటి కేకుతో సహా విందంతా హాన్రట్టీల ఇంటికి బయల్దేరింది. ఇంటికి తాళం. మైదానం ఆ ఇంటి వెనకే. ఆటలో ఆఖరి భాగం మొదలవుతుండగా ఊరేగింపంతా గట్టు మీదికొచ్చి నిలబడింది.

"టాయిగ్ ఏడీ?" అంది ఊనా, పక్కకొచ్చి నీళ్ళు తాగుతున్న డారాతో. జట్టులో బంతి అందించేది డారాయే.

"రాలేదండీ. ఫోనూ ఎత్తట్లేదు."

"ఎలా ఎత్తుతాడు నాయనా, తల్లి పోయిన దుఃఖంలో."

జట్టంతా శిరస్త్రాణాలు తీసేసింది. కోచ్ ఎన్నడూ ఆలస్యంగా వచ్చినవాడు కాడు మరి. ఫెర్గల్‌కే అనుమానం వచ్చింది. కొంపదీసి నిజంగానే పోయిందా?

ఊనా అతణ్ణి ఎగాదిగా చూసింది. "చావుకొచ్చినవాడివి, ఈ వేషమేమిటి?"

"ఆవిడ ఆఖరి కోరిక," అన్నాడు ఫెర్గల్. ఒక అబద్ధం పడిపోకుండా రెండోది ఊతం పెట్టాడు. "నా చేత బంతి పట్టించాలని."

ఊనా కళ్ళు తడయ్యాయి. తిన్నగా అవతలి జట్టు దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పింది.

చిట్టచివరి వంతులో డారా బంతిని ఫెర్గల్ పొట్టకు ఆనించాడు. రొట్టె కన్నా గట్టిగా ఉంది. ఆరేళ్ళ ఆశంతా కాళ్ళలోకి దిగి, తల వంచి దూకాడు ఫెర్గల్. ఎదుట ఎవరూ లేరు. పదకొండు మందీ రెండు వైపులకూ తప్పుకుని, శవయాత్రకు దారిచ్చినట్టు తలలు వంచుకుని నిలబడ్డారు. ఒకడు శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంకొకడు చెయ్యి చాచి, "మీ కష్టానికి చాలా విచారంగా ఉందండీ," అన్నాడు.

"పట్టుకోండ్రా నన్ను," అన్నాడు ఫెర్గల్. "దణ్ణం పెడతా, ఒక్కడైనా మీద పడండ్రా."

ఎవరూ కదల్లేదు. పాపం, ఏడుస్తున్నాడనుకున్నారు. నిజంగానే ఏడుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే, పక్క ఊళ్ళో కారు టైరు పంచరై ఆలస్యమైన కోచ్ తల్లిని వెంటబెట్టుకుని గేటు దగ్గర దిగాడు. పెగ్ హాన్రట్టీ కుర్చీ వేసుకునే చోట కేకుంది. ఆవిణ్ణి చూసి ఫాదర్ మోలోయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఉన్న సంగతి ఆయన తడబడుతూ చెప్పగానే, ఆవిడ ఫ్లాస్కు ఉన్న సంచీ ఎత్తి పట్టుకుని మైదానంలోకి నడిచింది, బంతితో దాటితే పాయింట్లొచ్చే ఆ చివరి గీత ముందు నిలబడింది.

ఫెర్గల్ ఆవిణ్ణి చూశాడు. ఆగలేకపోయాడు. సంచీ సరిగ్గా ఛాతీ మీద తగిలింది, గీతకు జానెడు దూరంలో వెల్లకిలా పడ్డాడు.

రెఫరీ ఈల ఊదాడు. "ప్రేక్షకులు ఆటగాణ్ణి ఆపకూడదు. పాయింట్లు ఇవ్వాల్సిందే."

"చనిపోయినావిడ ప్రేక్షకుల్లోకి ఎలా వస్తుందండీ?" అన్నాడు అవతలి కెప్టెన్. రెఫరీ చాలాసేపు ఆలోచించి, ఇవ్వలేదు.

ఊనా వచ్చి బురదలో మొగుడి పక్కన చతికిలబడింది. ఫెర్గల్ బంతిని ఇంకా వదల్లేదు.

"నాతో నిజం చెబితే ఏం పోయేది?"

"నవ్వుతావని."

"నవ్వేదాన్నే. నవ్వి పంపించేదాన్ని." ఆమె అతని గడ్డం మీది బురద తుడిచింది. "దెబ్బ తగిలిందా?"

"తగిలింది," అన్నాడు ఫెర్గల్ తృప్తిగా. అంతలోనే గీత కేసి చూసి నిట్టూర్చాడు. జానెడే.

మర్నాడు కోచ్ వచ్చే సీజన్ జట్టును ప్రకటించాడు. ఫెర్గల్ మళ్ళీ ముందు వరసలోనే ఉన్నాడు. రక్షణ విభాగంలో కొత్తగా చేరినది పెగ్ హాన్రట్టీ ఒక్కతే.