మేడమీదికి ఎగుమతి నిషేధం

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి. స్నానాలగది కుళాయికి వాషరు మార్పించాలి. కరెంటు బిల్లు కట్టాలి. మా ఆవిడ కుట్టుమిషనుకి నూనె తేవాలి. బియ్యం డబ్బాకి చిన్న తాళం కొనాలి. మేడమీద అద్దెకున్న మనిషిని సముద్రంలోకి పంపించాలి.

మొదటి మూడూ మర్చిపోయాను. తాళం కొన్నాను గానీ, మా డబ్బాకి తాళం వేసే వీలే లేదని ఇంటికొచ్చాక తెలిసింది. చివరి పని మాత్రం మొదలుపెట్టి, పూర్తిచేసేదాకా వదల్లేదు.

పంపించడమంటే మీరు తొందరపడి ఏదేదో ఊహించుకోకండి. ఆయన ఓడలో వంటవాడు. ఓడ కదిలితే తనంతట తనే వెళ్తాడు. ఆ ఓడ కదలకుండా ఆపింది మేమే, అంటే మా ఆఫీసు.

నేను రేవు ఆఫీసులో ధాన్యం ఎగుమతుల సెక్షన్లో గుమాస్తాని. మా వంశం మొత్తం మీద డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాన్న ఇదే రేవులో బస్తాలు మోశాడు. నేను ఆ బస్తాల తాలూకు కాగితాలు మోస్తున్నాను.

ఆ ఏడాది పంటలు సరిగా లేక బియ్యం ధర కొండెక్కింది. గింజ కూడా దేశం దాటకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. నాకది చాలా న్యాయంగా తోచింది. ముందు ఇంట్లోవాళ్ళ కడుపు నిండాలి, ఆ తర్వాతే బయటివాళ్ళ సంగతి అని భోజనాల దగ్గర మా ఆవిడకి ఓపిగ్గా వివరించాను. ఆమె అంతా విని, నిజమేనండీ అని, క్యారేజీలో బియ్యం పోసుకుని మేడమీదికి వెళ్ళింది.

ఆ బియ్యం ఓడ వంటవాడికి. ఓడ ఆగిపోయేసరికి ఆయనకి పనిలేదు, జీతం సగమే. పైగా నడిసముద్రంలో ఎంత తుఫానైనా తట్టుకునే మనిషికి, కదలని ఓడలో పడుకుంటే కడుపులో తిప్పుతుందట. అందుకని మా ఇంటి మేడమీది గది అద్దెకి తీసుకున్నాడు. నేను మనసులో ఆయనకి లంగరు అని పేరు పెట్టుకున్నాను. దిగడం దిగాడు, లేచే సూచనలు లేవు.

మనిషి ఆరడుగులు. మీసం గుబురు. నవ్వు ముందొచ్చి, మనిషి తర్వాత వచ్చేవాడు. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది. అప్పణ్ణించి ఆయన నన్ను బావగారూ అనడం మొదలుపెట్టాడు. నాతో మాటమాత్రం చెప్పకుండా నన్ను బావని చేసేశారు. అన్నయ్య అన్నంత మాత్రాన అసూయ పడకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు కదా. నేను పడ్డాను.

ఎందుకంటే, మెట్ల మీద ఆయన మాటలకి మా ఆవిడ పగలబడి నవ్వేది. నా మాటలకి కూడా ఆమె నవ్విన సందర్భాలున్నాయి, లేవనను. కాకపోతే అప్పుడు నేను జోకు వేసి ఉండేవాణ్ణి కాదు.

దానికి తోడు ఇంకో మంట. ఈ మధ్య నా మధ్యాహ్నం డబ్బాలో బంగాళాదుంప కూర అమృతంలా ఉంటోంది. మూత తీస్తే సెక్షనంతా నా బల్ల చుట్టూ మూగేది. మా పెద్దగుమాస్తా తన డబ్బా తెరవకుండానే నా డబ్బాలో వేళ్ళు పెట్టేవాడు. మా ఆవిడ చేతి వంటండీ అని నేను ఛాతీ విరుచుకునేవాణ్ణి. అంతలోనే, ఇంత గొప్ప వంట చేసే చేతులు పరాయివాడికి బియ్యం కొలిచిపెట్టడమేమిటని లోపల రగిలిపోయేవాణ్ణి.

ఒక రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాను.

"ఇవాళ్టి నుంచి మనింట్లోంచి మేడమీదికి బియ్యం వెళ్ళవు."

"ఎన్నాళ్ళు?" అంది మా ఆవిడ.

"తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా."

"ఆ ఉత్తర్వులు ఎవరిస్తారు?"

"నేనే."

"మరి కారణం రాయాలి కదా, ఏం రాస్తారు?"

"స్వదేశీ వినియోగదారుడి ప్రయోజనాల దృష్ట్యా అని."

ఆమె నా కంచం వైపు చూసింది. "ఆ వినియోగదారుడు మూడోసారి వడ్డించుకుంటున్నాడు," అంది.

మర్నాడు చూస్తే క్యారేజీ మళ్ళీ మెట్లెక్కుతోంది. ఆపి మూత తీయించాను. అన్నం. మీరు బియ్యం అన్నారు గానీ అన్నం అనలేదుగా అంది. నేను ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషిని. ఉత్తర్వులో ఆ లొసుగు నిజంగానే ఉంది. వ్యాపారులు కూడా సరిగ్గా ఇలాగే, బియ్యం వద్దంటే ఉప్పుడు బియ్యం అని, అదీ వద్దంటే పిండి అని మా ప్రాణాలు తీస్తారు. వెంటనే సవరణ జారీ చేశాను: బియ్యం, అన్నం, పిండి, మరే రూపంలోనైనా సరే, మా గడప దాటి పోకూడదు.

ఆ రాత్రి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా కుర్చీలో లంగరు కూర్చుని ఉన్నాడు.

"గడప దాటి బయటికి పోకూడదన్నారు," అంది మా ఆవిడ. "అందుకని అన్నయ్యగారినే లోపలికి రమ్మన్నాను."

అప్పణ్ణించి రోజూ ఆయన భోజనం మా ఇంట్లోనే. తిన్నంతసేపూ నోరు ఊరుకోదు. బంగాళాదుంప ఎంత మందాన తరగాలి, నూనె ఎంత కాగాలి, ఉప్పు ఎప్పుడు పడాలి, అదే ఊసు. ఆ చెప్పేదేదో మా ఆవిడకి చెప్పొచ్చు కదా, నా మొహంలోకి చూస్తూ నాకే చెప్పేవాడు. తన గొప్ప నా దగ్గర చాటుకుంటున్నాడని పళ్ళు నూరుకున్నాను. ఒక్క ముక్క వింటే ఒట్టు. ఆయన ఎన్ని ముద్దలు మింగుతున్నాడా అని చూస్తూ కూర్చున్నాను.

ఇలా లాభం లేదు, ఓడనే కదిలించాలి అనుకున్నాను.

ప్రభుత్వ ఉత్తర్వులో ఒక మినహాయింపు ఉంది. నిషేధం రాకముందే సరుకు ఎక్కించడం మొదలైన ఓడల్ని వదిలెయ్యొచ్చు. ఈ ఓడ సంగతి ఎవరూ సరిగా విచారించలేదు. నేను గోదాముల వెంట తిరిగి హమాలీ మేస్త్రీని పట్టుకున్నాను. ఆయన మా నాన్నతో కలిసి బస్తాలు మోసినవాడు. ఉత్తర్వు రావడానికి ముందురోజు పొద్దున్నే తమ ముఠా బస్తాలు ఎక్కించిందనీ, వాన పట్టుకోవడంతో సగంలో ఆపారనీ చెప్పాడు. ఆ మాటే మా ఆఫీసుకొచ్చి చెప్పమని బతిమాలాను.

"ఒరే అబ్బాయ్," అన్నాడు మేస్త్రీ, "గింజ కదలకూడదని ఊరంతా ఉపన్యాసాలిచ్చింది నువ్వే కదరా. ఇప్పుడేమిటి ఓడ ఓడంతా తోలేస్తానంటున్నావు?"

రూలు రూలే కదా బాబాయ్ అన్నాను. ఆ మాట నిజమే. నేను ఒక్క అబద్ధపు కాగితం పెట్టలేదు. న్యాయం కోసం అంత పరుగు ఎప్పుడూ పెట్టలేదన్నదీ నిజమే.

మేస్త్రీ వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఫైలు పైకి వెళ్ళింది, సరేనని తిరిగొచ్చింది. మా పెద్దగుమాస్తా మధ్యాహ్నం నా డబ్బాలోంచి ఒక చేత్తో కూర తింటూ, రెండో చేత్తో ఓడ విడుదల కాగితం మీద సంతకం పెట్టాడు. మూలన కొంచెం నూనె మరక పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

లంగరు లేచిన రోజు నేను సెలవు పెట్టి మరీ సాగనంపాను. ఆయన గేటు దగ్గర నన్ను ఎముకలు కలుక్కుమనేలా కౌగిలించుకున్నాడు.

"నా కోసం ఎండలో ఎంత తిరిగారో మా చెల్లెలు చెప్పింది, బావగారూ," అని, గుడ్డలో చుట్టిన చిన్న కత్తి నా చేతిలో పెట్టాడు. "ఇది మీకే."

జ్ఞాపకానికి ఇచ్చాడనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ ఎదురుగా నా కుర్చీలో నేను కూర్చుని, యుద్ధం గెలిచిన రాజులా భోంచేశాను.

మర్నాడు ఆఫీసులో డబ్బా తెరిచాను. పెద్దగుమాస్తా చెయ్యి అలవాటుగా వచ్చింది, ఒక ముక్క నోటికి అందించింది, మళ్ళీ రాలేదు. "ఏమయ్యా, మీ ఆవిడకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి కుట్టుమిషను గడగడలాడుతోంది. పక్కన బడిపిల్లల యూనిఫాం గుడ్డ గుట్టగా పడి ఉంది.

"ఇవాళ కూర ఎవరు వండారు?" అన్నాను.

"నేనే."

"మరి ఇన్నాళ్ళూ?"

"అన్నయ్యగారు. చేతిలో గరిటె లేకపోతే ఆయనకి తోచదు. నాకేమో ఈ గుడ్డల పని. మనింట్లోంచి బియ్యం, దుంపలు పైకి వెళ్ళేవి. మీరు స్నానం చేస్తుంటే కూర కిందికి దిగేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బియ్యం గురించి అడిగారు. కూర గురించి ఎప్పుడైనా అడిగారా?" మిషను ఆపకుండానే అంది. "పైగా మా ఆవిడ చేతి వంట అని మీరు ఆఫీసంతా చెప్పుకుంటున్నారట. ఆ మురిపెం చూసి చెప్పబుద్ధి కాలేదు."

నేను ఖాళీ కాని డబ్బా తీసి బల్లమీద పెట్టాను.

"ఓడని పంపించాలని మీరు తిరుగుతున్న సంగతి మేస్త్రీ ఆయనకి ఎప్పుడో చెప్పాడు. అంతకు ముందునుంచే, ఓడ కదిలేలోగా బావగారికి కూర నేర్పేస్తాను, నువ్వు కుట్టుపని మానొద్దమ్మా అనేవారు. రోజూ అన్నం తింటూ నేర్పారుగా. నేర్చుకున్నారా?"

నాకు గుర్తున్నదల్లా ఆయన తిన్న ముద్దలే.

మా ఆవిడ మిషను ఆపి, గుడ్డలోంచి ఆ కత్తి తీసి, బంగాళాదుంపల బుట్టతో సహా నా ముందు పెట్టింది.

అప్పణ్ణించి పొద్దున్నే కూర నా పని. ఒకరోజు మాడుతుంది, ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడుతుంది. పెద్దగుమాస్తా మళ్ళీ తన డబ్బా తనే తింటున్నాడు. నేను దుంప తరుగుతుంటే మా ఆవిడ మాత్రం మిషను ఆపి మరీ నవ్వుతుంది. జోకు వేయాల్సిన పనే లేదు.

కాబట్టి మీకో మనవి. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఏ రేవుకైనా వెళితే, నవ్వు ముందొచ్చి మనిషి తర్వాత వచ్చే ఒక ఓడ వంటవాడు అక్కడ ఉండొచ్చునని గుర్తుపెట్టుకోండి. కనిపిస్తే, మేడమీది గది ఇంకా ఖాళీగానే ఉందని చెప్పండి. మా ఇంట్లో నిషేధం పూర్తిగా ఎత్తేశామనీ, మీ బావగారే స్వయంగా సంతకం పెట్టారనీ చెప్పండి.