మూత్రశాల అధ్యయన యాత్ర

ఎర్రదిన్నె కూరగాయల మార్కెట్‌లో మహిళలకు ఒక మూత్రశాల కట్టడం కోసం దేశంలోని మూడు నగరాలు చూసి రావాలని మా మున్సిపల్ చైర్మన్ విజేందర్ గారు ప్రకటించారు. ఇంత లోతుగా ఆలోచించే నాయకుణ్ని నల్లగొండ జిల్లాలో నేనైతే చూడలేదు.

"కడితే గెట్లుండాలె? ఢిల్లీల ఉన్నోడు గూడ వచ్చి చూసిపోవాలె!" అని ఆయన బల్ల గుద్దారు. కౌన్సిల్ మొత్తం చప్పట్లు కొట్టింది.

నిజానికి శంకుస్థాపన జరిగి మూడేళ్లయింది. ఆరడుగుల గోడ, దానికి నల్ల గ్రానైట్ శిలాఫలకం, దాని మీద పదకొండు పేర్లు. రెండు రోజుల్లో లేచింది. గది మాత్రం డిజైన్ దగ్గర ఆగింది.

ఆగిన ఆ గది కట్టమని దరఖాస్తు పెట్టింది పుంటికూర అమ్మే గుర్వమ్మ. పొద్దున ఐదింటికి గంప దించితే మళ్లీ లేచేది సాయంత్రం ఆరింటికే. మధ్యలో వెళ్లడానికి జాగా లేదు, అందుకని నీళ్లు తాగదు. పోయిన ఎండాకాలం రెండుసార్లు దవాఖానలో పడింది. నీళ్లు బాగా తాగాలని డాక్టర్ రాసిచ్చిన చీటీనే దరఖాస్తుకు గుచ్చి, జూనియర్ అసిస్టెంట్‌నైన నా చేతిలో పెట్టింది.

"తాగుమంటడు బిడ్డా. తాగి యాడికి పోవాలె?"

టూర్‌కు ఎనిమిది మందిమి బయల్దేరాం, అందరం మగవాళ్లమే. మహిళల తరఫున ఐదో వార్డు కౌన్సిలర్ స్వర్ణ గారి భర్త ప్రేమ్‌సాగర్ గారు వచ్చారు. ఆమె గెలిచిన రోజు నుంచీ మీటింగులకు ఆయనే వస్తున్నారు. మైకులో "మా మహిళలం" అనేదీ ఆయనే. రిపోర్టు రాసే పని నాకు అప్పజెప్పారు.

మొదట మైసూర్. నెయ్యి కారే మసాలా దోశెలు, మైసూర్‌పాక్ అయ్యాక ప్యాలెస్ చూశాం. రాజుగారి మరుగుదొడ్డి ఎక్కడని చైర్మన్ గారు గైడ్‌ను సూటిగా అడిగారు. అది చూపించరని గైడ్ అన్నాడు.

"రాస్కో," అన్నారాయన నాతో. "రాజులు గూడ దాచిపెట్టిన సమస్య. మనం బయటవెడుతున్నం."

తర్వాత ఇండోర్. అక్కడ మార్కెట్ పక్కనే చక్కటి మూత్రశాల ఉంది. దురదృష్టవశాత్తు దానికి కొంచెం ఇవతల పోహా, జిలేబీ బండి ఉంది.

"ఖాళీ కడుపుతోని పోయి ఏం చూస్తం?" అన్నారు చైర్మన్ గారు. మూడో ప్లేటు తర్వాత, "తిన్నంక గిసొంటివి చూడొద్దు, వాంతికొస్తది" అన్నారు. ఆయన ముందుచూపుకు మేమంతా తలలూపాం.

ప్రేమ్‌సాగర్ గారు ఐదు ప్లేట్లు తిన్నారు. చండీగఢ్ రైల్లో ఆయన కడుపు తిరగబడింది. బోగీలో ఒక లెట్రిన్ గొళ్లెం ఊడి పనికిరాకుండా ఉంది, రెండో దాని ముందు పెద్ద లైను. అరగంటకు చెమటలు కక్కుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డారు.

"అద్దగంట ఆపుకునేసరికి నా పానం పోయింది తమ్మీ. గా ఆడోళ్లు రోజంత ఎట్లుంటున్నరో!"

టూర్ మొత్తంలో నాకు నచ్చిన మాట అదొక్కటే. వెంటనే రిపోర్టులోకి ఎక్కించాను. చైర్మన్ గారు చదివి పెన్నుతో కొట్టేశారు.

"గిది టెక్నికల్ పాయింట్ గాదు."

చండీగఢ్‌లో ఛోలే భటూరే తిని, పెద్ద గ్లాసు లస్సీ తాగి, చెరువులో పడవెక్కి తిరిగొచ్చాం.

రిపోర్టు నలభై పేజీలు వచ్చింది. దాన్ని మార్కెట్‌లోనే, శిలాఫలకం ముందు షామియానా వేసి విడుదల చేశారు. చైర్మన్ గారు మైకు అందుకున్నారు.

"మూడు నగరాలు జల్లెడ పట్టినం. గోడల మీద మాకు ఒక అవగాహన వచ్చింది. తలుపు విషయంలనే జర డౌటుంది. దానికోసం వచ్చే నెల జైపూర్ పోతున్నం."

గుర్వమ్మ గంప పక్కకు జరిపి లేచింది.

"సారూ, తలుపు వద్దు. గది గూడ వద్దు."

"మరేం గావాలె అవ్వా?"

"గీ పేర్లరాయి గోడ రెండు దినాలల్ల లేపిన్రు గదా. గిసొంటియే ఇంక రెండు లేపుండ్రి. గీ పక్కకొకటి, గా పక్కకొకటి. నాలుగో దిక్కు మేం చీర గట్టుకుంటం."

ముందు చప్పట్లు కొట్టింది ప్రేమ్‌సాగర్ గారు. చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది. ఒక గోడ మీద టూర్ సభ్యుల పేర్లు, ఇంకో దాని మీద పాత ఫలకంలో చోటు చాలని వాళ్ల పేర్లు అని అక్కడే ఖాయం చేశారు. నా పేరు కూడా పడుతుందని తెలిసి సంతోషించాను. పేర్లు ఏ వైపు ఉండాలన్నది మాత్రం తేలలేదు. ఆయన పెద్దమనసుతో ఆ నిర్ణయం గుర్వమ్మకే వదిలేశారు.

"లోపలి దిక్కే పెట్టుండ్రి సారూ," అంది ఆమె. "కూసున్నంతసేపు మీ పేర్లే సూసుకుంటం."

ఆ అభిమానానికి చైర్మన్ గారి కళ్లు తడిశాయి. పాత ఫలకాన్ని కూడా లోపలి వైపుకు మార్చాలని ఆదేశించారు. ఆ ఆర్డర్ నేనే టైపు చేశాను.

చెప్పినట్టే రెండు రోజుల్లో గోడలు లేచాయి. మూడో రోజు పొద్దున గుర్వమ్మ పుంటికూర గంపతో పాటు ఒక పాత చీర, రెండు లీటర్ల నీళ్ల బాటిల్ తెచ్చుకుంది.