ఉడుము గట్టయ్య సినిమాల్లోకి వెళ్ళిన వైనం

ఒక పెద్ద అడవిలో సాయంత్రమైతే జంతువులన్నీ మడుగు దగ్గరికి చేరేవి. నీళ్ళ కోసమే కాదు, ఉడుము గట్టయ్య మాటల కోసం కూడా.

గట్టయ్య మడుగు పక్కన బండ ఎక్కి నిలబడేవాడు. మొహంలో నవ్వన్నది కనిపించనిచ్చేవాడు కాదు. ఒక మాట అని ఆగేవాడు. నాలుక ఒకసారి బయటికి చాచి లోపలికి లాక్కునేవాడు. ఆ తర్వాత అసలు మాట వదిలేవాడు.

"మన నక్క మంత్రిగారు ఈ ఏడాది కూడా మడుగులో పూడిక తీయించారర్రా!"

ఆగాడు. నాలుక ఆడించాడు.

"నిన్న మన కప్ప అందులో దూకి మోకాలు విరగ్గొట్టుకుంది."

జింకలకు నవ్వుతో పొలమారేది. అడవిపందులు బురదలో దొర్లేవి. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఇళ్ళకు పోతూ, "అవునూ, నిజంగానే మడుగు లోతు తగ్గిందే! ఎండాకాలం ఎట్లా?" అనుకోవడం మొదలుపెట్టాయి.

సంగతి సింహం చెవిన పడింది. నక్కను పిలిచి, "ఏమయ్యా, ఆ ఉడుమును నమిలేయమంటావా?" అని అడిగింది.

"తమరు నమిలితే వాడు అమరుడైపోతాడు ప్రభూ. సినిమాలో వేషం ఇప్పిద్దాం," అంది నక్క.

ఆ అడవిలో సినిమాలు కూడా తీసేవారు. జంతువులు సినిమా ఎలా తీస్తాయని అడక్కండి. మంత్రివర్గం నడపగా లేనిది, సినిమా ఒక లెక్కా?

దర్శకత్వం చేసే ఎలుగుబంటి పూలదండ పట్టుకుని గట్టయ్య బొరియకు వచ్చింది. "మా నెమలిబాబు హీరో. మీరు ఆయన స్నేహితుడు. సినిమా అంతా ఉంటారు గట్టయ్యగారూ!"

పొరుగున ఉండే ముసలి తాబేలమ్మ మెడ బయటపెట్టింది. "నీ మాటలు ఎవరు రాస్తార్రా?"

"నేనే రాసుకుంటానత్తా," అన్నాడు గట్టయ్య, అప్పటికే దండ మెడలో వేసుకుని.

"వాళ్ళనడిగావా?"

అడగలేదు.

షూటింగ్ మొదటిరోజు ఎలుగుబంటి సన్నివేశం చెప్పింది. "మీరు ఒక మాట మొదలుపెడతారు. నెమలిబాబు మీ చెంప మీద ఒకటి ఇస్తాడు. మీరు 'అబ్బా' అంటారు."

"తర్వాత?"

"మళ్ళీ ఇస్తాడు."

"మరి నా మాట పూర్తవదా?"

"మీ మాట పూర్తయితే పాపం హీరో ఏం చేస్తాడండీ?"

నెమలిబాబు మర్యాదస్తుడు. "ఏమనుకోకన్నా," అనేవాడు. అని కొట్టేవాడు.

షాటుకూ షాటుకూ మధ్య గట్టయ్య ఒక మూల కూర్చుని తన పాత మాటలు వల్లె వేసుకునేవాడు. వాడని మాట నిలవ ఉండదు. ఒకటి గుర్తు తెచ్చుకునేలోగా ఇంకొకటి జారిపోయేది. చివరికి తడుముకోకుండా వచ్చేది 'అబ్బా' ఒక్కటే.

సినిమా విరగబడి ఆడింది. అడవిలో పిల్లలు ఒకళ్ళ చెంప ఒకళ్ళు వాయించుకుంటూ తిరిగారు. మడుగు మాట అందరూ మరిచిపోయారు. మరవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు కదా.

నక్క మీసం దువ్వుకుంది. అయితే సింహం కూడా ఆ సినిమా చూసింది. కొట్టినవాడికే చప్పట్లు పడుతున్నాయని కనిపెట్టింది.

మర్నాటి సభలో నక్కను పిలిచి, "మడుగు పని ఎంతవరకు వచ్చిందయ్యా?" అంది.

"సాగుతోంది ప్ర—"

ఛెళ్ళుమంది. సభ నవ్వులతో ఊగిపోయింది. సింహానికి పుట్టి బుద్ధెరిగాక అన్ని చప్పట్లు పడలేదు. ఇక ఏ సభా నక్క చెంప వాయించకుండా ముగియలేదు. దవడలు బూరెల్లా ఉబ్బాయి.

నక్క గట్టయ్య కాళ్ళ మీద పడింది. "నాయనా, మళ్ళీ బండెక్కు. నన్నే తిట్టు. జనం నీ మాటలకు నవ్వితే ప్రభువులు కొట్టడం మానేస్తారు."

గట్టయ్యకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికి ఎండలు ముదిరాయి. మడుగులో తడి తప్ప నీళ్ళు లేవు. జనమంతా వచ్చారు. ముందు వరసలో సింహం.

"మన నక్క మంత్రిగారు..."

ఆగాడు. నాలుక ఆడించాడు. తర్వాతి మాట దొరకలేదు.

"కొట్టేవాడు రాలేదా?" అంది వెనకనుంచి ఒక అడవిపంది.

"కొట్టేవాణ్ణి నేనున్నాగా," అని సింహం పంజా ఎత్తి నక్కవైపు తిరిగింది.

నక్క ఒక్క గెంతులో బండెక్కింది. "కొట్టకండి ప్రభూ! పూడిక తీయించలేదు! పనివాళ్ళకని పెట్టిన దుంపలన్నీ మా అత్తవారింటికి పంపేశాను!"

 అడవి అడవంతా పగలబడి నవ్వింది. సింహం పొట్ట పట్టుకుంది. "ఏం టైమింగండీ!" అంటూ ఎలుగుబంటి నక్క మెడలో దండ వేసింది. కొత్త సినిమాలో హీరో వేషం.

"అది హాస్యం కాదర్రా, నిజం!" అని అరిచాడు గట్టయ్య. "మడుగు చూడండి! తాగడానికి చుక్క లేదు!"

ఆ మాటకు ఇంకా నవ్వారు. అతని జీవితంలో అంత పెద్ద నవ్వు ఎప్పుడూ రాలేదు.

నవ్వనిది తాబేలమ్మ ఒక్కతే. "దిగరా నాయనా. కొండకవతల వాగుందట. వీళ్ళు నవ్వడం ఆపేలోగా బయల్దేరితేనే నా నడకకు ఆ నీళ్ళు అందేది."

గట్టయ్య బండ దిగి ఆమె వెనకే నడిచాడు.

నీతి: తప్పు చేస్తే నవ్విస్తూ ఒప్పుకో, నిజమే చెప్పదలిస్తే మాత్రం ముందు ఇంకోచోట నీళ్ళు చూసుకో.