సరుకు నోరు తెరిచిన ఆదివారం

ఆ ఆదివారానికి శివరాం పెట్టుకున్న పనులు చిన్నవే. పొద్దున కాఫీ తాగాలి. భార్య కన్యకతో కలిసి వీధి చివరి గుడికి వెళ్ళి అమ్మవారిని ఒక మాట అడగాలి. మధ్యాహ్నం లోపల ఒక ఫోన్ చేయాలి. ఆపైన భోంచేసి పడుకోవాలి. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

అడగవలసిన మాట మాత్రం వారం రోజులుగా అతణ్ణి తినేస్తున్నది. శివరాం ఒకప్పుడు కార్ల పందేల్లో జాతీయ ఛాంపియన్. ఇప్పుడు నలభై దాటినవాడు. మద్రాసు వ్యాసర్పాడిలో డ్రైవింగ్ స్కూలు నడుపుతూ, జనానికి నిదానంగా పోవడం నేర్పి బతుకుతున్నాడు. పందేల కాలం రాగానే అటక మీది హెల్మెట్ దించి ఏకాంబరం గారి జట్టుకు కారు నడుపుతాడు. ఏకాంబరం పాత మద్రాసులో పప్పుల టోకు వ్యాపారి. పప్పులమ్మి సంపాదించినదాన్ని పెట్రోలు పోసి తగలబెట్టడం తప్ప ఆయనకు వేరే వ్యసనం లేదు. శివరాం గెలిచిన కప్పు నేటికీ ఆయన కొట్లో లక్ష్మీదేవి పటం పక్కనే ఉంది. రోజూ వెలిగే అగరొత్తి పొగలో సగం దానికీ అందుతుంది.

అయితే కిందటి ఆదివారం అంబత్తూరు నుంచి జెబరాజ్ ఫోన్ చేశాడు. యంత్రభాగాలు తయారుచేసే వర్క్‌షాపు అతనిది. అతనికీ ఒక జట్టుంది, కొత్త కారుంది. తమ జట్టుకు వచ్చెయ్యమన్నాడు, వారంలో ఏదో ఒక సంగతి చెప్పమన్నాడు. ఏకాంబరం గారి కారు పాతబడింది. శివరాం కొన్నేళ్ళుగా ఆరో స్థానానికో ఏడో స్థానానికో అలవాటు పడ్డాడు. కొత్త కారైతే ఇంకొక్కసారి గెలుపు మెట్టు మీద నిలబడవచ్చు. కాని పేరు తెచ్చినవాణ్ణి వదిలిపోతే ఆ మెట్టు మీద కాళ్ళు నిలుస్తాయా? ఒకటి మాత్రం అతడికి తెలుసు. ఈ వయసులో తప్పు సీటులో కూర్చుంటే అదే ఆఖరి సీటు అవుతుంది.

మలుపులో ఎక్కడ బ్రేకు తొక్కాలో రెప్పపాటులో తేల్చుకునే మనిషి ఈ ఒక్క సంగతి ఎందుకు తేల్చుకోలేకపోతున్నాడని అతడు తనను తానే ప్రశ్నించుకున్నాడు. ఆలోచించగా తోచిందేమిటంటే, పందెంలో అతడు ఎన్నడూ ఏదీ నిర్ణయించలేదు. కాలు నిర్ణయించింది, తాను వెంట వెళ్ళాడు. పందెం బయట ఆ పని ఏ అవయవానిదో అతడికి బోధపడలేదు.

"చుమ్మా ఊరికే ఎందుకు కొట్టుకుంటావు. పూలడుగుదాం పా," అన్నది కన్యక.

పూలడగడం ఆ వైపు పాత వాడుక. ఎర్రపూలొక ఆకులో, తెల్లపూలొక ఆకులో పొట్లం కట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. మనసులో ప్రశ్న తలచుకోవాలి. పూజారి కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీస్తాడు. పైకి చెబితే పూవు పలకదని పూజారి చిన్నతంబి ముందే హెచ్చరించాడు. దంపతులిద్దరూ నోరు మూసుకుని కళ్ళు మూసుకున్నారు.

పందెం దారిలో ఎర్రజెండా ఊపితే ఎంతటివాడైనా ఆగిపోవాలి. కాబట్టి ఎరుపు వస్తే ఏకాంబరం దగ్గర ఆగడం, తెలుపు వస్తే అంబత్తూరుకు కదలడం. ఇంతకంటే స్పష్టమైన విషయం లోకంలో ఉండదనుకున్నాడు శివరాం.

తెల్లపూలు వచ్చాయి. శివరాం కన్యకను చూశాడు. కన్యక శివరాంను చూసింది. ఇద్దరి ముఖాలూ వికసించాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత పూర్తిగా ఏకీభవించడం వాళ్ళకు అదే మొదలు.

ఆమె ప్రదక్షిణలకు నిలిచింది. అతడు వీధి మలుపులోని టీ కొట్టు దగ్గరకు నడిచి, ధైర్యం చల్లారకముందే జెబరాజ్‌కు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాడు. చావు కబురు విన్న మనిషి గొంతుతో, "సంతోషం బ్రదర్," అన్నాడు జెబరాజ్. సంతోషం కొందరిలో అలాగే పలుకుతుంది కాబోలుననుకుని శివరాం ఒక టీ తాగి ఇంటికి వచ్చాడు.

అప్పటికే వచ్చేసిన కన్యక వంటింట్లో పాయసానికి యాలకులు దంచుతున్నది.

"ఏకాంబరం ముదలాళికి చెప్పేసినా," అన్నది.

"నువ్వెందుకు చెప్పినావు? నేను గదా చెప్పాల. ఏమన్నాడు?"

"ఆయనకి మాటే రాలే. మంచిదమ్మా అని పెట్టేసినాడు."

శివరాం కళ్ళు చెమర్చాయి. "పోతా ఉంటే బాధ ఉండదా మరి."

"ఎవురు పోయేది?"

"నేను."

"యాడికి?"

"అంబత్తూరుకి. జెబరాజ్‌కి వస్తానని చెప్పి గదా వస్తా ఉండా."

రోకలి ఆగింది.

"తెల్లపూలు గదయ్యా వచ్చింది," అన్నది కన్యక మెల్లగా.

"అందుకే గదా చెప్పింది."

"తెలుపంటే చల్లన. ఉండే చోట చల్లంగ ఉండమని అమ్మ చెప్తే నువ్వు అంబత్తూరుకి పోతానంటావు. నిన్ను నిలబెట్టుకో ముదలాళీ అని నేను ఆయనకి చెప్పినా."

ఇద్దరూ మళ్ళీ గుడికి పరుగెత్తారు. ఒక ప్రశ్నకు పూలు ఒక్కసారే పలుకుతాయని, రెండోసారి అడిగితే అమ్మవారి మాట మీద నమ్మకం లేదని అర్థమని చెప్పి చిన్నతంబి గర్భగుడి తలుపు దగ్గరికి వేశాడు. మరి ఇప్పుడు వచ్చిన జవాబు ఎవరి ప్రశ్నకని శివరాం అడిగాడు. "ఆమె జవాబిస్తాది సార్. ప్రశ్న మీరుదా సరింగ తెచ్చుకోవాల," అన్నాడు చిన్నతంబి. ఆ మాటలో ఏదో గొప్ప సత్యం ఉన్నట్టు శివరాంకు తోచింది గాని, దాన్ని వెంబడించడానికి తీరిక లేదు.

ఏకాంబరానికి ఫోన్ చేస్తే వేరే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. జెబరాజ్‌కు చేస్తే అతనూ మాట్లాడుతున్నాడు. మళ్ళీ చేసినా అంతే. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారని శివరాం ఊహించాడు. తన కోసం ఇద్దరు పెద్దమనుషులు కొట్లాడుకుంటున్నారన్న సిగ్గు అతణ్ణి కుదిపింది. ఆ సిగ్గు అడుగున, ఒప్పుకోవడానికి వీల్లేనంత మెత్తగా, కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ గర్వం ఎక్కువ సేపు నిలవలేదు. పాయసం పొయ్యి దిగకముందే ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఒకే కారులో వచ్చారు. కొట్లాడుకున్నవాళ్ళు ఒకే కారులో ఎందుకు వస్తారో శివరాంకు అర్థం కాలేదు. తప్పంతా తనదేనని, ఎవరి దగ్గర ఉండమంటే వారి దగ్గర ఉంటానని చేతులు కట్టుకుని చెప్పాడు. ఇప్పుడు ఇద్దరూ తలొక చెయ్యి పట్టుకుని లాగుతారని ఎదురుచూశాడు.

ఎవరూ లాగలేదు. బిడ్డలాంటివాడి ఎదుగుదలకు తాను అడ్డం నిలవనని, కొత్త కారు ఎక్కి చల్లగా ఉండమని ఏకాంబరం దీవించాడు. ఇన్నేళ్ళ బంధాన్ని తెంచే పాపం తనకు వద్దని, శివరాం బ్రదర్ ఏకాంబరం అన్న దగ్గరే ఉండడం దేవుడికి కూడా ఇష్టమని జెబరాజ్ అన్నాడు. ఆయన త్యాగాన్ని ఇతను మెచ్చుకున్నాడు, ఇతని పెద్దమనసును ఆయన మెచ్చుకున్నాడు. పెళ్ళిలో ఆఖరి లడ్డూను ఒకరి ఆకులోంచి ఒకరి ఆకులోకి తోసుకున్నట్టు ఇద్దరూ అతణ్ణి అటూ ఇటూ తోశారు. శివరాం ఎవరు మాట్లాడితే వారి వైపు తల తిప్పుతూ కూర్చున్నాడు.

కన్యక కాఫీ గ్లాసులు కింద పెట్టింది.

"మీ ఇద్దరిలో ఈయన ఎవురికి కావాలో ఒక్క మాట చెప్పండి, చాలు."

ఏకాంబరం కాఫీలో ఏదో పడ్డట్టు గ్లాసులోకి చూశాడు. జెబరాజ్ ఆయన వైపు చూసి, ఇక లాభం లేదనుకుని, తల వంచుకున్నాడు.

"అన్న అడిగినాడమ్మా. నేను పొమ్మంటే బాగుండదు, నువ్వు రమ్మను, మర్యాదగా పోతాడు అన్నాడు. ఈయన అన్నని వదిలి ఎట్టయినా రాడు అనుకొనిదా నేను సరేనంటిని."

ఏకాంబరం తల ఎత్తలేదు. లక్ష్మీదేవి పక్కన కప్పు పెట్టినవాణ్ణి చూసి ఇక చాలని ఏ నోటితో చెప్పేదని గొణిగాడు. కిందటేడు కారు కంటే మనిషే వెనకబడుతున్నాడని తన కళ్ళు చెప్పినా, తన నోరు ఒప్పుకోలేదన్నాడు.

శివరాంకు కోపం వస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు. అతడూ ఎదురుచూశాడు. కోపం రాలేదు. వారం రోజులుగా బుర్రలో తిరుగుతున్న చక్రం ఆగిపోయింది, అంతే. మలుపు కంటే చాలా ముందే తన కాలు బ్రేకు మీదికి పోతున్న సంగతి రెండేళ్ళుగా తనకు తెలుసు. టైర్ల మీదా, గాలి మీదా, పాత కారు మీదా నెపం వేస్తూ వచ్చాడు. అడగవలసిన ప్రశ్న ఏ జట్టు అన్నది కానే కాదు. ఆ ప్రశ్న కనబడగానే జవాబు కూడా దాని పక్కనే కూర్చుని ఉంది.

"ముదలాళి చెప్పింది నిజం," అన్నాడు ప్రశాంతంగా. "నేను నిదానం అయిపోయినా. కారు తప్పు ఏమీ లేదు. మీ ఇద్దరికీ నేను వద్దు. ఈ ఏటి నుంచి ఆపేస్తా."

ఆ మాటలు బయటికి రాగానే ఒళ్ళు తేలికైంది. జీవితంలో మొదటిసారి కాలు కాక తానే ఒక నిర్ణయం చేశాడు. పెద్దలిద్దరూ లేచి భుజం తట్టి, కళ్ళొత్తుకుని, సెలవు తీసుకోవలసిన ఘట్టమది.

ఏకాంబరం లేవలేదు. గ్లాసు కింద పెట్టి శివరాంను తేరిపార చూశాడు. ఆయన నలభై ఏళ్ళుగా కందిపప్పు బేరాలు చేసినవాడు. నాది మేలురకం అనని అమ్మకందారు ఆయనకు ఇంతవరకు తారసపడలేదు.

"జెబరాజూ, విన్నావా," అన్నాడు. "సరుకే నోరు దెరిచి నేను నాసిరకం అంటా ఉంది."

"విన్నానన్నా."

"ఎప్పుడంటాది అట్టా? ఇంకో యాపారి బయానా ఇచ్చి, వాకిట్లో బండి నిలబెట్టినప్పుడుదా అంటాది." శివరాం వైపు వంగాడు. "నిజం చెప్పు నైనా. కోయంబత్తూరు జట్టోళ్ళు పిలిచినారా?"

ఎవరూ పిలవలేదన్నాడు శివరాం. అదెలా ఉందో చూడమన్నట్టు ఏకాంబరం జెబరాజ్‌కు సైగ చేశాడు. అమ్మవారి మీద ఒట్టు పెట్టాడు శివరాం. ఒట్టు పెట్టేదాకా వచ్చిందంటే బేరం ముదిరినట్టేనన్నాడు ఏకాంబరం. తనకు వయసైపోయిందని, చూపు కూడా మునుపటిలా లేదని శివరాం బతిమాలాడు. అతడు ఒక్కొక్క లోపం ఒప్పుకున్నకొద్దీ వాళ్ళ కళ్ళలో అతడి విలువ పెరిగింది. చూపు దగ్గరికి వచ్చేసరికి జెబరాజ్ కుర్చీ అంచుకు జరిగి, కొత్త కారు సీటు బ్రదర్ కొలతకు మార్పిస్తానన్నాడు. కాసేపటి ముందు బిడ్డలాంటివాణ్ణి పొమ్మని దీవించిన సంగతి ఏకాంబరం మరిచిపోయాడు. తాను చేసిన ఛాంపియన్‌ను అంబత్తూరుకు ఎవరిచ్చారని గర్జించి, కొత్త ఇంజన్ తెప్పిస్తానన్నాడు.

ఆ బేరం ఇల్లు దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళింది. కారు తలుపు దగ్గర ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకరికి దక్కకుండా ఇంకొకరు చేసుకుంటే మధ్యలో కోయంబత్తూరు ఎగరేసుకుపోతుంది. కనుక ఈ ఏడాదికి రెండు జట్లూ కలిసిపోతాయి. కారు జెబరాజ్‌ది, ఖర్చు ఏకాంబరానిది. పై మెట్టు మీద నిలబడి, తాను ఆపేస్తానన్నానని శివరాం మరోసారి గుర్తుచేశాడు.

"సరి సరి, దాన్ని కూడా లెక్కలో ఏసుకుంటాం," అన్నాడు ఏకాంబరం కిందినుంచి. "సాయంత్రం కాగితాలు వస్తాయి. అందాక తెలియని నంబరు వస్తే ఎత్తగాకు."

కారు వెళ్ళిపోయింది. శివరాం లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వద్దన్న సీటు దొరికింది, కావాలన్న విశ్రాంతి పోయింది. ఇందులో ఏది ఎవరి వల్ల జరిగిందో మొదటినుంచి కూడబలుక్కుని చూశాడు గాని, మధ్యలో దారి తప్పాడు.

కన్యక పాయసం గిన్నె చేతికిచ్చి, వాకిలి తలుపు దగ్గరగా వేసి వచ్చి, పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"నాకన్నా చెప్పయ్యా. నిజంగానే కోయంబత్తూరోళ్ళు పిలిచినారా?"

పిలిచారేమోనని శివరాం ఫోన్ తీసి చూసుకున్నాడు.